విమానం మేప్‌లో ఓడేంటి?

మా నాన్న మిర్చి కొనేవాడు. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళ రైతుల దగ్గర కొని గుంటూరు యార్డుకి తోలేవాడు. బస్తా మూతి విప్పి, పైన కాయ చూసి బేరమాడే రకం కాదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దాటేదాకా బస్తాలోకి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయ లాగి ఎండలో పట్టుకుని చూసేవాడు. పైన నిగనిగలాడే కాయ పోసి అడుగున తాలు కూరేవాళ్ళని చాలామందిని చూశాడు కాబోలు, పైకి బాగా కనపడేదంటేనే ఆయనకి గిట్టేది కాదు.

మనుషుల్నీ అట్లాగే చూసేవాడు. ఇంటికొచ్చిన చుట్టం నవ్వుతూ మాట్లాడితే, "ఏదో పనిమీదొచ్చాడే వీడు," అని అమ్మ చెవిలో ఊదేవాడు. నవ్వకుండా కూర్చుంటే, "కడుపులో ఏదో పెట్టుకున్నాడే," అనేవాడు. మరి ఆ వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ బుద్ధి నాకూ అబ్బింది. కూరలమ్మి అడక్కుండా కొసరు వేస్తే ఇంటికొచ్చి వంకాయలన్నీ కోసి చూసేదాన్ని.

అట్లాంటి మా ఇంటికి పైలెట్ సంబంధం వచ్చింది.

పరిటాలలో ఆంజనేయస్వామి విగ్రహం లేచిన కొత్త. నేను నందిగామలో డిగ్రీ చదివి, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతూ, రోజూ పేట నుంచి ఆర్డినరీ బస్సులో వెళ్ళొస్తున్నా. మా వాళ్ళలో పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దాయన ఒకరు వచ్చి మంచమ్మీద కూర్చుని, అబ్బాయిది నందిగామకి ఇవతలే ఊరనీ, దక్షిణాఫ్రికాలో విమానం నడపటం నేర్చుకుని వచ్చాడనీ, దానికోసం ఉన్న పొలంలో సగం అమ్మారనీ చెప్పుకొచ్చాడు. తండ్రి గుండెపోటుతో పోయాడు. తల్లీ కొడుకూ, అంతే. ఇక్కడి పరీక్షలేవో రాస్తున్నాడు, అవి అవగానే ఉద్యోగం.

"అంటే ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు," అన్నాడు నాన్న.

"ఉన్నాడు."

"ఇంట్లో కూర్చుని నడిపే విమానమేంటయ్యా అది?"

పెద్దాయన నవ్వేశాడు. నాన్న నవ్వలేదు. పెళ్ళిచూపులకి వచ్చేటప్పుడు విమానం నడుపుతాడనటానికి ఏదన్నా తెచ్చి చూపించమన్నాడు. అమ్మ తలకొట్టుకుంది. పెళ్ళికూతుర్ని పాట పాడమన్నవాళ్ళని చూశాంగానీ, పెళ్ళికొడుకుని సరుకు చూపించమన్నవాళ్ళని చూళ్ళేదంది.

అతను తెచ్చాడు! భుజాన బ్యాగుతో వచ్చి, కాఫీ తాగి, ఏమాత్రం సిగ్గుపడకుండా మా ముందుగది గచ్చు మీద పెద్ద మేప్ ఒకటి పరిచాడు. నీలం, పసుపు, మధ్యలో గులాబి రంగు గీతలు. పక్కన వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి, వచ్చినప్పట్నుంచీ గట్టిగా నాలుగు మాటలు మాట్లాడలేదు. నాన్న లుంగీ సర్దుకుని మేప్ దగ్గర గొంతుకూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి అంతా చూస్తున్నా.

"ఇది సముద్రం. ఇది ఒడ్డు. మేం కంటితో నేలని చూసుకుంటూ పోవటం ముందు నేర్చుకుంటామండీ. కింద కనపడేది మేప్‌లో ఉందో లేదో చూసుకోవాలి. రైలు పట్టాలు, డ్యాములు, పెద్ద పెద్ద ట్యాంకులు, ఇట్లాంటివి గుర్తులు," అని చెబుతున్నాడతను.

నాన్న వేలు నీలంలోకి పోయింది. మిర్చి బస్తాలోకి పోయినట్టే పోయింది. "ఇదేంటి? పడవ బొమ్మలా ఉంది. పక్కకి ఒరిగి ఉంది."

"ఓడండీ. పాడైపోయిన ఓడ."

"విమానం మేప్‌లో ఓడేంటి?"

"అది కూడా గుర్తేనండీ. ఆ ఒడ్డంతా ఇసకే. ఊరుండదు, చెట్టుండదు. ఎంతసేపు పోయినా ఒకేలా ఉంటుంది. ఆ ఓడ కనపడితే ఎక్కడున్నామో తెలుస్తుంది."

"మునిగిపోయినదాన్ని పైనుంచి ఎట్లా చూస్తారు?"

"అన్నీ మునగవండీ. కొన్ని ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇసకలో కూరుకుపోతాయి. సగం బయటే ఉంటాయి. ఇంకెక్కడికీ కదలవు కాబట్టే గుర్తు."

"విరిగి కొట్టుకుపోతే?"

"కొత్త మేప్ అచ్చయ్యేదాకా పాతదాంట్లో ఉంటుంది."

నాన్న నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. తాలుకాయ దొరికినప్పటి చూపది. నాకు మాత్రం వేరే అనుమానమొచ్చింది. అతను ఆ ఓడ గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. రైలు పట్టాల గురించి చెప్పేటప్పుడు లేనిది, ఓడ దగ్గరికొచ్చేసరికి ఎందుకట? నోరూరుకోక అడిగేశా.

"ఆ ఓడలో వాళ్ళేమయ్యారు?"

అతను తలెత్తి నన్ను చూశాడు. పెళ్ళిచూపుల్లో చూసే చూపు కాదది. "మేప్‌లో అది రాయరండీ," అన్నాడు.

వాళ్ళమ్మ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కావాలా అని అమ్మ వెనకే పరిగెత్తింది. నాన్న అదీ చూశాడు.

వాళ్ళు బయల్దేరేటప్పుడు, "మీ ఊరికి రావాలంటే ఎక్కడ దిగాలమ్మా?" అని నాన్న ఆవిణ్ణి మామూలుగా అడిగాడు. నాన్న మామూలుగా అడిగాడంటే అది మామూలు ప్రశ్న కాదని అర్థం. "సుబాబుల్ తోట స్టేజి దగ్గర దిగి వెనక్కి నడిచి రావాలన్నయ్యగారూ," అందావిడ.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో నాన్న మొదలుపెట్టాడు. "విన్నావా? ఆ ఊరికి డొంక ఉన్నది బోల్తా లారీ స్టేజి దగ్గర. నేను ఆ ఊళ్ళో కాయ కొన్నా, నాకు తెలీదా? సుబాబుల్ తోట దాని తర్వాత స్టేజి. దగ్గర స్టేజి వదిలేసి దూరం స్టేజి చెబుతోందంటే, ఆ దగ్గర దారిలో మనం చూడకూడనిది ఏదో ఉంది. ఇతనేమో ఓడల మేప్ ఎక్కడో సంపాయించి విమానం మేప్ అంటున్నాడు. చెవిలో పువ్వులు పెడుతున్నారే మనకి! గుర్తంటే ఎట్లా ఉండాలి? పరిటాల ఆంజనేయస్వామిలా నిలబడి ఉండాలి. పడిపోయినదాన్ని ఎవడన్నా గుర్తు పెట్టుకుంటాడా?"

నాకు అతను నచ్చాడు. దాచటం దేనికి, బాగా నచ్చాడు. నేనడిగిన ప్రశ్నకి నవ్వకుండా జవాబు చెప్పిన మొదటి మగవాడతను. కానీ మా ఇంట్లో రూలొకటుంది. అడుగున కాయ, పైన కాయ ఒకటి కాకపోతే బస్తా వెనక్కే. ఎంత ఎర్రగా ఉన్నా సరే.

"వాకబు చేసొస్తా. ఏమాత్రం తేడా ఉన్నా సంబంధం వద్దు," అన్నాడు నాన్న.

మర్నాడు నేను స్కూలుకెళ్ళే బస్సే నాన్నా ఎక్కాడు. బస్సు చిల్లకల్లు దాటి హైవే ఎక్కింది. కండక్టరు వచ్చి, "ఎక్కడికండీ?" అంటే, "బోల్తా లారీ ఒకటి," అన్నాడు. నేను రోజూ వినే పేరే. ఆ స్టేజికి వేరే పేరేదో ఉండే ఉంటుంది, ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఒక లారీ రోడ్డు దిగి పక్కకి పడిపోయింది. దాని మీద కేసేదో నడుస్తోందని ఎవరూ తియ్యలేదు. చక్రాలూ ఇంజనూ పోయాయి, మిగతాది తుమ్మచెట్ల మధ్య తుప్పుపట్టి పడుంది. "బోల్తా లారీ దగ్గర ఆపమ్మా", "బోల్తా లారీ ఎదురు పొలం", "బోల్తా లారీ దగ్గరికి ట్రాక్టర్ పంపు", అంతా అదే. మంత్రసానిని పిలవాలన్నా పెళ్ళివారికి దారి చెప్పాలన్నా అదే గుర్తు.

కండక్టరు "బోల్తా లారీ!" అని అరవగానే నాన్న లేచాడు. నేనూ లేచా.

"నువ్వెక్కడికి?"

"వాకబుకి."

"ఆడపిల్ల తన సంబంధం వాకబుకి తనే వస్తుందా? నలుగురూ ఏమనుకుంటారు?"

"బస్తా నాది. నువ్వొక్కడివే చెయ్యి పెడితే ఎట్లా?"

బస్సంతా మమ్మల్నే చూస్తోంది. కండక్టరు, "ఇద్దరూ దిగి పోట్లాడుకోండి," అన్నాడు. దిగాం.

బస్సు కిటికీలోంచి చూడటం వేరు, దగ్గర నిలబడి చూడటం వేరు. లారీ కుడిపక్కకి పడుంది. దాని నీడలో ఇద్దరు ఆడవాళ్ళు బస్సు కోసం కూర్చుని ఉన్నారు. బాడీ చెక్కకి ఎవరో మేకని కట్టేశారు. సినిమా పోస్టర్ల మీద పోస్టర్లు, వాటిమీద పిడకలు. నాన్న పక్కనున్న బడ్డీ కొట్టు వైపు నడిచాడు. వాకబు ఎప్పుడూ బడ్డీ కొట్టు దగ్గరే మొదలవుతుంది. నేను ఎండ తప్పించుకుందామని లారీ నీడలోకి వెళ్ళా.

కేబిన్ నుదుటి మీద పేరుంది. లారీ కొన్నవాళ్ళు పిల్లల పేర్లు రాయించుకుంటారు కదా, అట్లా పసుపు రంగుతో, పక్కన పువ్వులు వేసి రాయించారు. లారీ పక్కకి పడింది కాబట్టి పేరు నిలువుగా ఉంది. సగం పెచ్చులూడింది. ఆ పేరు నేను కాలేజీకెళ్ళే రోజుల నుంచీ చూస్తున్నా. తల పక్కకి వంచి చదువుకుని, స్టేజి వచ్చిందనుకుని మళ్ళీ కిటికీకి తలానించేదాన్ని. నిన్న మా ముందుగదిలో మేప్ పరిచినతని పేరది.

ఆ పేరున్నవాళ్ళు జిల్లాలో బోలెడుమంది ఉంటారు. అయినా నాన్నకి చెబుదామని కొట్టు వైపు నడిచా.

బడ్డీ కొట్టు దగ్గర నాన్న తన పద్ధతిలో తాను పోతున్నాడు. సోడా తాగి, వానల గురించి మాట్లాడి, మెల్లిగా ఊళ్ళో పైలెట్ కుర్రాడి సంగతి ఎత్తాడు. కొట్టులో ఉన్నావిడ మంచి కుర్రాడనే చెప్పింది. "తండ్రికి గుండెజబ్బు ఎప్పట్నుంచీ ఉండేదట?" అన్నాడు నాన్న.

"గుండెజబ్బేంటండీ?" అందావిడ. గడ్డంతో లారీ వైపు చూపించింది. "దాంట్లోనే కదండీ పోయింది. సొంత లారీ, తనే తోలుకునేవాడు. పత్తి లోడేసుకుని వస్తుంటే వానలో గేదెలు అడ్డమొచ్చాయి. వాటిని తప్పించబోయాడు. ఊరి ముందుకొచ్చాక పోయాడు పాపం. అందుకే ఆవిడ ఇక్కడ బస్సు దిగదు. ఆ తోట దాకా పోయి, ఎండైనా వానైనా వెనక్కి నడిచొస్తుంది. కండక్టర్లు అట్లా కేకలేస్తుంటే వినలేదుగా."

అప్పుడే ఒక బస్సొచ్చి ఆగింది. "బోల్తా లారీ, బోల్తా లారీ, దిగాలి దిగాలి!"

నాన్న సోడా సీసా కొట్టు మీద పెట్టేశాడు. ఊళ్ళోకి వెళ్ళలేదు. నేను స్కూలుకి వెళ్ళలేదు. రోడ్డు దాటి పేట బస్సెక్కి ఇద్దరం ఇంటికొచ్చేశాం.

ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని అన్నాడు. "గుండెపోటని చెప్పారు. అది అబద్ధం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాన్నా, నువ్వు మనిషివేనా? ఆవిడ ఎందుకు దిగటంలేదో విన్నావు కదా!"

"విన్నా. జాలేసింది. కానీ చావు దగ్గరే అబద్ధమాడినవాళ్ళు రేపు నీ దగ్గర ఏం దాస్తారో నాకేం తెలుసు? తాగి తోలాడేమో. వేరేవాళ్ళెవరన్నా పోయారేమో. కేసెందుకు నడుస్తోంది?"

"అయితే వాళ్ళనే అడుగు. బడ్డీ కొట్టులో సోడా తాగుతూ కాదు, మొహం మీద అడుగు. అడక్కుండా వద్దన్నావో, ఇంకో సంబంధం ఈ గడప తొక్కనివ్వను. ఈసారి మేకప్పూ ఉండదు, కాఫీ ఇవ్వటమూ ఉండదు!" అన్నా. ఏడుస్తూనే అన్నా. నాన్న అన్నం ముందు కూర్చుని చాలాసేపు కెలికి లేచిపోయాడు.

కబురు పంపితే అతనొక్కడే వచ్చాడు. ఈసారి బ్యాగు లేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు. నాన్న డొంకతిరుగుడు లేకుండా, "గుండెపోటని ఎందుకు చెప్పావు బాబూ?" అన్నాడు.

"మేం చెప్పలేదండీ. సంబంధం తెచ్చినాయన తనంతట తనే అన్నారు. డ్రైవర్ కొడుకంటే మీరు వెనకాడతారనుకున్నారేమో. ఇక్కడ మీరు ఆ మాట అన్నప్పుడు మేం కాదనలేదు. అమ్మ ముందు ఆ సంగతెత్తలేక ఊరుకున్నా. తప్పే."

"తాగి ఉన్నాడా?"

తలుపు వెనక నాకు చచ్చిపోవాలనిపించింది. అతను మాత్రం నాన్నని సూటిగా చూశాడు. "లేదండీ. మా నాన్న టీ కూడా తాగేవాడు కాదు. ఇన్సూరెన్సు కేసది. ఇంకెవరికీ ఏమీ కాలేదు."

"మరి ఇన్ని ఉండగా ఆ మేపే ఎందుకు తెచ్చావు? లైసెన్సు తేవచ్చుగా."

"లైసెన్సూ ఉందండీ, తెమ్మంటే తెస్తా." కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. "అక్కడ మొదటిసారి ఒక్కణ్ణే అంతదూరం పోయా. కింద ఇసక, పక్కన నీళ్ళు, పొగమంచు కమ్ముకొస్తోంది. ఎక్కడున్నానో తెలీలేదు. భయమేసింది. అప్పుడు ఆ ఓడ కనపడింది. దాని దగ్గర ఎడమకి తిరగాలి. హమ్మయ్య అనుకుని తిరిగా. తిరిగాక గుర్తొచ్చింది. దాంట్లో పోయినవాళ్ళ తాలూకు వాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు కదా. నాకేమో దాన్ని చూసి ప్రాణం లేచొచ్చింది. మా నాన్న లారీ చూసి జనం హమ్మయ్య ఊరొచ్చిందనుకోవటం తప్పు కాదని అప్పుడు తెలిసిందండీ. అమ్మకి అది చెబుదామనుకుంటా. ఇంతవరకూ చెప్పలేకపోయా."

నాన్న లేచి లోపలికొచ్చి, తలుపు వెనక నన్ను చూసి, "కాఫీ ఇవ్వవే అబ్బాయికి," అన్నాడు. కాఫీ ఇవ్వనన్న మాట మర్చిపోయి పరిగెత్తా.

పెళ్ళయింది. ఆయన పరీక్షలు పాసై ఉద్యోగంలో చేరాడు. ఇల్లు హైదరాబాద్‌లో తీసుకునేదాకా నేను అత్తయ్య దగ్గరే ఉన్నా. ఇద్దరం నందిగామ వెళ్ళొచ్చినా సుబాబుల్ తోట దగ్గరే దిగేవాళ్ళం. ఆవిడ ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. ఇసక ఒడ్డున పడున్న ఓడల మేప్ మాత్రం మా గదిలో బీరువా మీద ఉండేది. ఒక్కోసారి విప్పి చూసేదాన్ని. ఒక్కదాని పక్కన కూడా మనిషి పేరుండదు.

మొదటిసారి నాన్న నన్ను చూడటానికి వచ్చిన రోజు అత్తయ్యా నేనూ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఎండ మాడిపోతోంది. సున్నుండల డబ్బా సంచిలో పెట్టుకుని, రొప్పుకుంటూ, చెమటలు కక్కుకుంటూ నాన్న వస్తున్నాడు. తోట వైపు నుంచి వస్తున్నాడు.

"ఇటునుంచి వచ్చారేంటన్నయ్యగారూ?" అంది అత్తయ్య లేచి నిలబడి.

"బస్సులో నిద్ర పట్టేసిందమ్మా. స్టేజి దాటిపోయింది," అన్నాడు నాన్న.

మా నాన్న! పక్కవాడు సంచి కొట్టేస్తాడని బస్సులో కన్నార్పని మనిషి. అత్తయ్య ఆయన మొహంలోకి కాసేపు అనుమానంగా చూసింది. మజ్జిగ తేవటానికి లోపలికెళ్ళింది. ఆ తర్వాత కూడా నాన్న ఎప్పుడొచ్చినా బస్సులో నిద్రపోతూనే ఉన్నాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు లారీని క్రేన్‌తో లేపి పట్టుకుపోయారు. తుమ్మచెట్లూ పోయాయి. స్టేజి పేరు మాత్రం పోలేదు. అక్కడేమీ లేకపోయినా కండక్టర్లు "బోల్తా లారీ" అనే అరిచేవాళ్ళు. అప్పటికి మేం హైదరాబాద్ వెళ్ళిపోయాం. సెలవలకి అత్తయ్య దగ్గరికొచ్చినప్పుడు నాన్న మమ్మల్ని చూడటానికి ఎప్పట్లాగే తోట నుంచి నడిచొచ్చేవాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకసారి సగం దారిలో గట్టు మీద కూలబడితే ట్రాక్టర్ వాళ్ళు ఎక్కించుకొచ్చారు.

ఆ సాయంత్రం అత్తయ్య నాన్నకి కాఫీ ఇస్తూ, "మీకింక ఆ నిద్ర వద్దన్నయ్యగారూ," అంది. "ఈసారి లారీ దగ్గరే దిగండి. నేనొచ్చి నిలబడతా."

నాన్న గ్లాసు పట్టుకుని తల వంచుకున్నాడు. ఆవిడ నోట ఆ మాట వినటం నాకదే మొదలు.

మళ్ళీసారి నాన్న వచ్చేరోజు నేనూ ఆవిడతో డొంక చివరిదాకా వెళ్ళా. కొత్త రోడ్డు, నున్నగా, ఎటుచూసినా ఏమీ లేదు. ఆవిడ ఆగకుండా నడిచి, లారీ ఉండిన చోటికి వెళ్ళి నిలబడింది. పేట బస్సు కనపడింది. ఆగకుండా పోతుందేమోనని నాకు భయం. కండక్టరు మెట్టు మీదకొచ్చి, "బోల్తా లారీ! బోల్తా లారీ ఎక్కడండీ దిగాలి?" అని అరుస్తున్నాడు.

అత్తయ్య కొంగు భుజం చుట్టూ లాక్కుని చెయ్యెత్తింది. "ఇదుగో, ఇక్కడే బాబూ," అంది.